ఎనిమిది నెలల డిగ్రీ, పదమూడేళ్ల బ్యాక్‌లాగు

2013లో మా నాన్న నా పెళ్లి బయోడేటా డీటీపీ సెంటర్లో టైప్ చేయించినప్పుడు, చదువు అన్న చోట బీటెక్ ఈసీఈ అని పెట్టించి పక్కనే బ్రాకెట్లో డిస్కంటిన్యూడ్ అని రాయించాడు. సంబంధాలు చూసే ఆయన అది చూసి "ఏంటి మాస్టారూ, ఇది సంబంధం వాళ్లకిస్తున్నారా, కోర్టులో వేస్తున్నారా" అని తనే పెన్ను తీసి ఆ బ్రాకెట్ మొత్తం కొట్టేశాడు. అప్పట్నుంచి 2024 దాకా నేను ఎక్కడా అబద్ధం చెప్పలేదు, అలాగని నిజమూ చెప్పలేదు. ఎవరైనా ఏం చదివావమ్మా అంటే ఈసీఈ అండీ అనేదాన్ని, అంతే. మనవాళ్లు బ్రాంచ్ అడుగుతారు, కాలేజీ అడుగుతారు, ఎంసెట్ ర్యాంకు కూడా అడుగుతారు కానీ పూర్తయిందా అని మాత్రం ఎవ్వరూ అడగరు, అదో అదృష్టం.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈమధ్య అమెరికాలో మేముండే డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఏ బర్త్‌డే పార్టీకెళ్లినా ఎవరో ఒకరు పక్కకి లాగి "అక్కా, ఎనిమిది నెలల్లో డిగ్రీ అయిపోయిందంట కదా, ఎలా" అని అడుగుతున్నారు, ఒకాయనైతే నవ్వుతూనే "ఎంతకి కొన్నారు" అని కూడా అన్నాడు. ప్రతివాళ్లకీ ప్లేటు చేతిలో పట్టుకుని బిర్యానీ చల్లారిపోయేదాకా చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా.

బ్యాక్‌లాగుల కథ ముందు కానిచ్చేద్దాం. గుంటూరులో ఇంటర్ ఎంపీసీ, 2008లో ఎంసెట్ రాసి ఇంజినీరింగ్‌లో చేరా. మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు, నేను ఫస్టియర్లో ఎం1, అంటే మొదటి లెక్కల పేపరే పోగొట్టుకున్నా, దాని వెనకాలే మాథమెటికల్ మెథడ్స్ కూడా పోయింది. హాస్టల్, ఫోన్, ఇంగ్లిష్‌లో చెప్పే క్లాసులు, వంద కారణాలు చెప్పొచ్చు కానీ అసలు సంగతి ఏంటంటే మొదటి సబ్జెక్టు పోయినప్పుడు ఇంట్లో చెప్పలేదు, చెప్పలేదు కాబట్టి సప్లీ ఫీజు కట్టడానికి డబ్బులు అడగలేదు, అడగలేదు కాబట్టి అది అలాగే ఉండిపోయి దాని మీద సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, దాని మీద ఇంకోటి వచ్చి పడ్డాయి. మూడో ఏడు వచ్చేసరికి మొత్తం 11. క్రెడిట్లు చాల్లేదని డీటెయిన్ చేశారు, 2011 సంక్రాంతికి ఇంటికెళ్లినదాన్ని మళ్లీ వెళ్లలేదు. నాన్న ఒక్క మాట అన్లేదు, అదే పెద్ద బాధ. పదకొండు సబ్జెక్టుల లిస్టు తన చేత్తో ఓ తెల్లకాగితం మీద రాసుకుని ఏ పుస్తకంలోనో పెట్టుకున్నాడు, అంతే.

2014లో హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్యగా వచ్చే వీసా మీద డాలస్ వచ్చా. ఐదేళ్లు ఉద్యోగం చేసే వీల్లేదు, బాబు పుట్టాడు, మా ఆయనకి ఐ140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యాక నాకు ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే పర్మిట్ వచ్చింది. హెచ్4 వాళ్లకి ఇలా ఈఏడీ ఇచ్చే రూల్ 2015 మేలో వచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇప్పటికీ ఇంట్లోనే ఉండేదాన్ని. 2019లో ఓ కంపెనీలో కాంట్రాక్టు మీద హెల్ప్‌డెస్క్‌లో పెట్టుకున్నారు. పాస్‌వర్డ్ రీసెట్లు, ప్రింటర్లు, వీపీఎన్ కనెక్ట్ అవ్వట్లేదు, అవుట్‌లుక్ ఓపెన్ అవ్వట్లేదు, "మీరు ఒకసారి రీస్టార్ట్ చేశారా", ఇదే నా జీవితం. కానీ ఎవరూ నమ్మరు, నాకా పని నచ్చింది. 2022లో కంప్యూటర్ సపోర్ట్ పనికి పనికొచ్చే కాంప్‌టియా ఏ ప్లస్ సర్టిఫికేషన్ రెండు పేపర్లూ రాసి పాసయ్యా, అదే ఏడాది ఫుల్‌టైమ్ చేశారు.

2023 జులైలో మా కంపెనీలోనే జూనియర్ సిస్టమ్ అడ్మిన్ పొజిషన్ ఇంటర్నల్‌గా పడింది. నేను రోజూ చేస్తున్న పనిలో సగం అదే, యాక్టివ్ డైరెక్టరీ, గ్రూప్ పాలసీలు, ఎంట్రా ఐడీలో యూజర్లని కలపడం, అంటే ఉద్యోగుల కంప్యూటర్ అకౌంట్లూ పర్మిషన్లూ చూసుకునే పని. మా మేనేజర్ కూడా అప్లై చెయ్ అన్నాడు. చేశా. మర్నాడు పొద్దున్నే కాఫీ తాగకముందే రిజెక్ట్ మెయిల్. మనిషి చూసి తీసేసింది కూడా కాదు, సిస్టమే తీసేసింది. హెచ్ఆర్ పోర్టల్లో నా ప్రొఫైల్లో హయ్యెస్ట్ ఎడ్యుకేషన్ అన్న డ్రాప్‌డౌన్ ఉంటుంది, అందులో నేను చేరేటప్పుడు ఎంచుకున్నది "సమ్ కాలేజ్, నో డిగ్రీ". కొంత కాలేజీ! పన్నెండేళ్లుగా నాకో పేరు లేని జబ్బు ఉన్నట్టుండేది, అమెరికా వాళ్లు దానికి శుభ్రంగా పేరు కూడా పెట్టి ఓ ఆప్షన్ ఇచ్చేశారు.

ఆ రాత్రి కూర్చుని వెతికా. మామూలు దారి ఏంటంటే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు, తర్వాత యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయి ఇంకో రెండేళ్లు. ఉద్యోగం, పిల్లాడితో అయితే ఆరేడేళ్లు పట్టుద్ది. అప్పుడు కనబడింది వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీ, అందరూ డబ్ల్యూజీయూ అంటారు. 1997లో అమెరికాలో 19 రాష్ట్రాల గవర్నర్లు కలిసి పెట్టిన నాన్ ప్రాఫిట్, హెడ్డాఫీసు యూటాలో సాల్ట్‌లేక్ సిటీ దగ్గర, క్లాసులన్నీ ఆన్‌లైన్. దాని కిటుకంతా ఫీజులో ఉంది. సబ్జెక్టుకింత అని కాకుండా ఆరు నెలల టర్ముకి ఇంత అని కట్టించుకుంటారు, నా ఐటీ డిగ్రీకి అప్పట్లో దాదాపు 4,000 డాలర్లు. ఆ ఆరు నెలల్లో నువ్వు నాలుగు కోర్సులు చేస్తావో నలభై చేస్తావో నీ ఇష్టం. క్లాసులో ఇన్ని గంటలు కూర్చోవాలి, అటెండెన్స్ 75 శాతం ఉండాలి, కండోనేషన్ ఫీజు, ఇవేం లేవు. నీకు వచ్చని పరీక్షలో చూపిస్తే ఆ కోర్సు అయిపోయినట్టే, ఇవాళ చేరి రేపు రాసినా సరే. అంటే మనూళ్లో మెస్సులాగా, నెలకింత అని కట్టేశాక ఎన్నిసార్లు వడ్డించుకున్నా అడిగేవాడుండడు, తినే ఓపిక ఉండాలి గానీ. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తున్నా, ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద రావాలనుకునే వాళ్లకి ఇది కాదు, ఆ వీసాకి కావాల్సిన ఐ20 కాగితం ఇచ్చే యూనివర్సిటీ కాదిది. ఇక్కడే వేరే స్టేటస్ మీద ఉంటున్న నాలాంటి వాళ్లకి పనికొస్తుంది. హెచ్4 వాళ్లకి ఫెడరల్ లోన్లూ గ్రాంట్లూ రావు కాబట్టి డబ్బులు చేతినుంచే.

చేరడానికి ఇంటర్ సర్టిఫికెట్ ఎవాల్యుయేషన్ చేయించాలి. నా ఇంటర్ ఒరిజినల్ మెమో ఎక్కడుంది? మా ఇంజినీరింగ్ కాలేజీ బీరువాలో. మధ్యలో మానేస్తే మిగిలిన సంవత్సరాల ఫీజు కడితేగానీ ఒరిజినల్స్ ఇవ్వమనే పద్ధతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా తమ్ముడు వెళ్లాడు. 50,000 కట్టమన్నారంట. "అమ్మాయి మానేసి పన్నెండేళ్లయింది, ఆ సీట్లో కూర్చున్న గాలికి ఫీజు కట్టాలా" అని వీడు, రూల్ అని వాళ్లు. మూడుసార్లు తిరిగి, మధ్యలో ఊళ్లో తెలిసినాయన చేత ఫోన్ చేయించి, చివరికి 20,000కి తెగ్గొట్టుకొచ్చాడు. వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు, మెమో మడతలు పడి పసుపుపచ్చగా అయిపోయి, మూల మీద పిన్ను తుప్పు మరక. లెక్కల్లో 150కి 148. అది చూసి నవ్వాలో ఏడవాలో అర్థంకాలా. ఇంజినీరింగ్‌లో పాసయిన సబ్జెక్టుల క్రెడిట్లు కూడా తెచ్చుకోవచ్చేమో అనిపించింది కానీ, ట్రాన్స్‌క్రిప్టులు సీల్డ్ కవర్లో యూనివర్సిటీ నుంచి నేరుగా రావాలంటే ఇంకెన్ని తిరుగుళ్లో, తమ్ముణ్ణి ఇంక తిప్పబుద్ధి కాలా, వదిలేశా.

ఇక అసలు రహస్యం అనుకునేది ఇదీ. డబ్ల్యూజీయూలో చేరకముందే వేరే చోట చవగ్గా చేసిన కోర్సులు తీసుకెళ్లి జమ చేసుకోవచ్చు. సోఫియా అని ఓ వెబ్‌సైట్ ఉంది, అప్పట్లో నెలకి 99 డాలర్లు, ఒకేసారి రెండు కోర్సులు తెరిచి పెట్టుకోవచ్చు, ఒకటి అయిపోగానే ఇంకోటి. ఇంగ్లిష్ కాంపోజిషన్, ఎథిక్స్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, రిలేషనల్ డేటాబేసులు, వెబ్ డెవలప్‌మెంట్, ఇలాంటివన్నీ అక్కడ కొట్టేశా. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, మూడు నెలల్లో 12. అన్నీ ఈజీ కాదు, ఇంగ్లిష్ కాంపోజిషన్లో వ్యాసాలు రాయాలి, నాకు వ్యాసం అంటే టెన్త్‌లో ఆవు మీద రాసిందే, ఉపోద్ఘాతం, విషయం, ముగింపు. అది అక్కడా పనికొచ్చిందండీ బాబూ. పైగా ఏ ప్లస్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి దాని కింద రెండు కోర్సులు చేయక్కర్లేకుండానే జమ అయ్యాయి. ఈ జమలన్నీ మొదటి టర్మ్ మొదలవ్వకముందే పంపించేసుకోవాలి, అది మర్చిపోవద్దు.

కాలేజ్ ఆల్జీబ్రా ఒకటి ఉంది, దాన్ని చివరిదాకా తెరవలేదు. అక్టోబర్ 20 దాకా అలా చూస్తూ ఉన్నా. 148 వచ్చిన మనిషికి లాగరిథమ్ అంటే చేతులు చల్లబడటం ఏంటో! చివరికి తెరిస్తే అది మన ఇంటర్ ఫస్టియర్ కంటే తక్కువ, నాలుగు రోజుల్లో అయిపోయింది. అయిపోయాక కుర్చీలోంచి లేవకుండా పదినిమిషాలు కూర్చున్నా.

నవంబర్ 1, 2023, టర్మ్ మొదలు. సరిగ్గా అదే వారం మా అత్తయ్య విజిటర్ వీసా మీద దిగారు. ఆవిడకి ఇమ్మిగ్రేషన్లో ఇచ్చింది ఆరు నెలలు, నాకు ఏప్రిల్ 30 దాకా ఆరు నెలలు, ఇద్దరికీ గడువు ఒకటే. నా ముందు 22 కోర్సులు. ఏప్రిల్ ఆఖరికి అవ్వకపోతే ఇంకో 4,000.

తెల్లారుజామున నాలుగున్నరకి లేచేదాన్ని, ఏడింటిదాకా చదువు, తర్వాత బాబు స్కూలు, ఎనిమిది నుంచి ఐదు డ్యూటీ, రాత్రి పిల్లాడు పడుకున్నాక ఇంకో గంట. అత్తయ్య వంటిల్లు మొత్తం తీసేసుకున్నారు, అది లేకపోతే ఈ పోస్టే లేదు. ఎనిమిది నెలలు అని గొప్పగా చెప్పేవాళ్లెవ్వరూ వంట ఎవరు చేశారో చెప్పరు, గమనించారా.

చదివే పద్ధతి కూడా మనకి అలవాటైంది కాదు. ప్రతి కోర్సుకీ ప్రీ అసెస్‌మెంట్ అని ఒక నమూనా పరీక్ష ఉంటుంది. పుస్తకం తెరవకముందే దాన్ని రాసేయాలి, సిగ్గుపడకుండా. ఏ ముక్క రాలేదో అది మాత్రమే చదవాలి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివితేనే చదువు అనుకునే మన బుర్రకి ఇది దొంగతనంలా అనిపిస్తుంది. కానీ ఆలోచించండి, ఐటిల్ అని ఐటీ సర్వీసులు ఎలా నడపాలో చెప్పే ఒక సర్టిఫికేషన్ ఉంది, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 26 రైటయితే పాసు. ఇన్సిడెంట్ అంటే ఏంటి, ప్రాబ్లమ్ అంటే ఏంటి, చేంజ్ అంటే ఏంటి అని అందులో ఉంటుంది. నేను నాలుగేళ్లుగా పొద్దస్తమానం ఇన్సిడెంట్ టికెట్లు క్లోజ్ చేస్తున్నా. దానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది, అందులో నాలుగు రోజులు వాళ్లు వాడే మాటలు అలవాటవ్వడానికే. తొమ్మిది రోజుల్లో ఐటిల్ అని చెప్తే అబ్బో అంటారు, నాలుగేళ్ల తొమ్మిది రోజులు అంటే ఎవరికీ ఎక్కదు.

పరీక్షలు ఇంట్లోంచే, వెబ్‌క్యామ్ పెట్టి అవతల ఓ మనిషి చూస్తూ ఉంటాడు. మొదట గదంతా క్యామెరా తిప్పి చూపించాలి, బల్ల కింద, గోడలు, చెవులు కూడా. మొదటి పరీక్షకి గోడ మీద మన తెలుగు క్యాలెండర్ ఉంది, పైన వెంకటేశ్వరస్వామి, కింద తేదీల గడుల్లో తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం, చీమల్లా అక్షరాలు. ఆపండి, అదేంటి అన్నాడు. క్యాలెండర్ అన్నా. క్యాలెండర్లో అంత రాత ఎందుకుంది అన్నాడు. ఏ టైములో పని మొదలుపెట్టకూడదో అందులో ఉంటుందండీ అని చెప్పబోయి, అప్పుడు టైము చూస్తే సరిగ్గా రాహుకాలం! ఏం మాట్లాడకుండా స్వామిని గోడవైపు తిప్పేశా. పరీక్ష పాసయ్యా గానీ అత్తయ్య తర్వాత గదిలోకొచ్చి చూసి "ఆయన నీకేం చేశాడే అమ్మా" అన్నారు. ఆ తర్వాత పరీక్ష ఉన్నప్పుడల్లా క్యాలెండర్ హాల్లోకి వెళ్లేది, పరీక్ష అయ్యాక తిరిగి వచ్చేది.

అన్నీ ఇలా నవ్వుకుంటూ అవ్వలేదు. డిసెంబర్లో నెట్‌వర్క్ ప్లస్ పోయింది, అది కాంప్‌టియా వాళ్లదే, నెట్‌వర్కింగ్ పరీక్ష. 720 రావాలి, 693 వచ్చింది. స్క్రీన్ మీద ఆ అంకె చూడగానే నాకు డాలస్ కనబడలా, కాలేజీ నోటీసు బోర్డు కనబడింది, హాల్‌టికెట్ నంబర్ల లిస్టులో మన నంబర్ లేకపోవడం అన్నమాట. ఎందుకు పోయిందంటే, ఆ పరీక్షలో మొదట్లోనే ప్రాక్టికల్ టైపు బొమ్మల ప్రశ్నలు వస్తాయి, రూటర్లూ స్విచ్చులూ గీసిచ్చి కాన్ఫిగర్ చెయ్యమంటారు, వాటి దగ్గరే 40 నిమిషాలు కూర్చున్నా, మొత్తం ఉన్నది 90 నిమిషాలు. ఇంకోటి, నాకు సబ్‌నెట్టింగ్, అంటే నెట్‌వర్క్ అడ్రస్‌లని చిన్న ముక్కలుగా విడగొట్టే లెక్క రాదు. వచ్చు అనుకున్నా, టేబుల్ బట్టీపట్టా, ప్రశ్న తిప్పి అడిగేసరికి బట్టీ ఎగిరిపోయింది.

ఈసారి మాత్రం దాచలేదు. మర్నాడు తెల్లారుజామున నాన్నకి వాట్సాప్ వీడియో చేశా, అక్కడ సాయంత్రం నాలుగు. "నాన్నా, పరీక్ష పోయింది" అన్నా. ఈ మాట చెప్పడం నాకదే మొదటిసారి. ఆయన "ఏ చాప్టరు" అన్నాడు. అంతే, వేరే ప్రశ్న లేదు.

నేను చెప్పా, ఒక కంప్యూటర్ అడ్రస్ 192.168.10.77, పక్కన స్లాష్ 26 అని ఇస్తారు, అది ఏ సబ్‌నెట్లో ఉందో చెప్పాలి అని. నాన్నకి ఐపీ అడ్రస్ అంటే తెలీదు. "ఆ 26 అంటే ఏంటి" అన్నాడు. మొత్తం 32 బిట్లలో 26 నెట్‌వర్క్‌కి పోతాయి, 6 మిగుల్తాయి అన్నా. "రెండు టు ది పవర్ ఆఫ్ ఆరు ఎంత?" 64. "అయితే 64, 64 ముక్కలుగా కోసుకుంటూ పో. సున్నా, 64, 128, 192. నీ 77 ఏ ముక్కలో పడింది?" 64 నుంచి 127. "మొదటిదీ చివరిదీ ఏమన్నా ప్రత్యేకమా?" మొదటిది ఆ నెట్‌వర్క్ పేరు, చివరిది బ్రాడ్‌కాస్ట్, మిషన్లకి ఇవ్వకూడదు. "అయితే ఎన్ని మిగిలాయి?" 62. "ఇది భాగహారమే కదే, దీనికింత ఏడుపెందుకు" అన్నాడు. అప్పట్నుంచి రెండు వారాల పాటు రోజూ నాలుగున్నరకి ఆయన అటునుంచి లెక్కలు ఇచ్చేవాడు, నేను ఇండియన్ స్టోర్ బిల్లుల వెనకాల చేసి ఫొటో పెట్టేదాన్ని, ఎర్ర పెన్నుతో రైటు కొట్టినట్టు ఎమోజీ పెట్టేవాడు. స్లాష్ 27, స్లాష్ 28, స్లాష్ 19 కూడా. డెబ్భై ఏళ్ల దగ్గరపడ్డ మనిషి, ఇంట్లో రూటర్ లైటు ఎర్రగా వెలిగితే ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తాడు, సబ్‌నెట్ మాత్రం నాకంటే ముందు చెప్తాడు. జనవరిలో మళ్లీ రాశా, బొమ్మల ప్రశ్నలన్నీ ముందు వదిలేసి చివర్లో చేశా, 752.

ఆ వారమే ఓ రాత్రి నేను వత్తిన చపాతీలు కాలుస్తూ అత్తయ్య ఉన్నట్టుండి "ఆ పదకొండూ ఇప్పుడన్నా అయిపోయినట్టేనా" అన్నారు. నా చేతిలో అప్పడాలకర్ర ఆగిపోయింది. పదకొండు అని ఈవిడకెలా తెలుసు? పెళ్లిచూపుల రోజే నాన్న పెరట్లోకి తీసుకెళ్లి చెప్పేశాడంట, కాగితం కూడా చూపించాడంట. "మాస్టారు కదా, ప్రోగ్రెస్ కార్డు ఇచ్చినట్టే ఇచ్చారు" అన్నారు. పదేళ్లు నేను ఎవరి దగ్గర దాచానో వాళ్లందరికీ ముందే తెలుసన్నమాట, మా ఆయనతో సహా. ఆ రాత్రి మా ఆయన్ని నిలదీస్తే "నువ్వు చెప్తావేమో అని చూశా, తర్వాత నేనే మర్చిపోయా" అన్నాడు. మర్చిపోయాడంట!

ఇప్పుడు డబ్బుల సంగతీ, తప్పుల సంగతీ. సోఫియా మూడు నెలలకి 297, టర్మ్ ఫీజు 4,000 దగ్గర, ఇంటర్ ఎవాల్యుయేషన్ ఖర్చు, పైన తమ్ముడు కట్టిన 20,000 రూపాయలు. మొత్తం అంతే. కానీ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. అమెరికాలో కంపెనీలు ఉద్యోగి చదువుకి ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఇస్తే దాని మీద మనకి ట్యాక్స్ ఉండదు, అందుకే చాలా కంపెనీలు ఆ అంకె దాకా రీయింబర్స్ చేసే పాలసీ పెట్టుకుంటాయి. మా కంపెనీలోనూ ఉంది. అయితే చేరకముందే అప్రూవల్ తీసుకోవాలంట. నేను చేరిపోయి, ఫీజు కట్టేసి, ఫిబ్రవరిలో తీరిగ్గా అడిగా. పాలసీలో ఐదో పేజీ చూపించి కుదరదన్నారు. వేల డాలర్లు పోయాయి ఓ ఈమెయిల్ ముందు పెట్టనందుకు. మీరు మాత్రం ముందు హెచ్ఆర్‌ని అడగండి, తర్వాతే అప్లికేషన్ తెరవండి.

ఇంకోటి, ఇక్కడ మార్కులుండవు. పాస్ లేదా నాట్ పాస్, పాసయితే 3.0 జీపీఏకి సమానం అని లెక్క. రేపు పెద్ద పేరున్న యూనివర్సిటీలో మాస్టర్స్ చేద్దాం, వాళ్లు 3.5 అడుగుతారు అనుకునే వాళ్లు ఈ దారికి రాకముందు ఆలోచించుకోండి. ఇక ఫేక్ అనే వాళ్లకి, నార్త్‌వెస్ట్ కమిషన్ అక్రెడిటేషన్ (గుర్తింపు) ఉంది, మామూలు స్టేట్ యూనివర్సిటీలకి ఇచ్చే సంస్థల్లాంటిదే అది కూడా. అలాగని వివాదం లేకుండా లేదు. 2017లో ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ ఇన్‌స్పెక్టర్ జనరల్ (తనిఖీ అధికారి), అక్కడ స్టూడెంట్లకీ టీచర్లకీ మధ్య సరిపడా సంబంధం లేదు, ఫెడరల్ సాయం కింద తీసుకున్న 71 కోట్ల 30 లక్షల డాలర్లు వెనక్కిచ్చేయాలి అని రిపోర్టు రాశారు. 2019లో డిపార్ట్‌మెంట్ ఆ డబ్బులు అడగట్లేదని తేల్చేసింది. నన్నడిగితే ఆ రిపోర్టులో కొంత నిజముంది, నాకు వారానికోసారి ఫోన్ చేసే మెంటర్ మంచి మనిషే, కానీ సబ్‌నెట్టింగ్ నేర్పింది మాత్రం సత్తెనపల్లి దగ్గర్నుంచి మా నాన్న. అలాంటి నాన్న లేనివాళ్లు, పని అనుభవం అస్సలు లేకుండా ఇరవై ఏళ్లకే వచ్చి ఇందులో పడేవాళ్లు, తేలతారా అంటే నాకు అనుమానమే.

ఇండియాలో ఉన్న కజిన్స్ కూడా అడుగుతున్నారు. అక్కడ ఇలా గబగబా అయ్యేది కాదు, ఇగ్నోలో బీసీఏ చేసినా తక్కువలో తక్కువ మూడేళ్లు. డిప్లొమా చేసి ఉంటే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ సెకండియర్లో చేరొచ్చు, అదొక్కటే షార్ట్‌కట్ లాంటిది. బ్యాక్‌లాగులుంటే వాటినే కడిగేసుకోండి, గడువు దాటకముందే, ఇంట్లో చెప్పి.

చివరిది క్యాప్‌స్టోన్, అంటే మన ఫైనలియర్ ప్రాజెక్టు లాంటిది, కాకపోతే అమీర్‌పేటలో కొనుక్కునేది కాదు. నేను తీసుకున్నది ఉద్యోగులు తమ పాస్‌వర్డ్ తామే రీసెట్ చేసుకునే సిస్టమ్, దానివల్ల హెల్ప్‌డెస్క్ టికెట్లు ఎలా తగ్గుతాయి అని. రెండో టాస్క్ ఒకసారి వెనక్కొచ్చింది, టైమ్‌లైన్ సరిగ్గా లేదని. దాన్ని దిద్దాక ఆఖరి రిపోర్టు తయారైంది ఏప్రిల్ 8, 2024, సోమవారం. గుర్తుందా ఆ రోజు? సంపూర్ణ సూర్యగ్రహణం, డాలస్ సరిగ్గా దాని దారిలోనే ఉంది. అత్తయ్య ముందు రాత్రే పచ్చళ్ల జాడీల మీద దర్భలు వేసేశారు, గుడి నుంచి తెప్పించి మరీ. ఇంటినుంచే డ్యూటీ, లంచ్ టైములో సబ్మిట్ కొట్టేద్దామని ల్యాప్‌టాప్ తెరిస్తే, "గ్రహణం పట్టి ఉండగా ఆ బటన్ ముట్టుకున్నావో చూడు" అని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నాకు నమ్మకాలేం లేవు, కానీ 22వ కోర్సు, 4,000 డాలర్లు, రిస్క్ ఎందుకు! 1:40కి చీకటి పడింది, వీధిలైట్లు వెలిగాయి, పక్కింటి వాళ్లు కళ్లద్దాలు పెట్టుకుని అరుస్తున్నారు, మా వాడు స్కూల్లో చూశాడంట. అత్తయ్య మాత్రం కర్టెన్లు వేసుకుని లోపల జపం. మూడుంపావుకి ఆవిడ తలస్నానం చేసొచ్చి, ఇప్పుడు కొట్టు అన్నారు. కొట్టా.

మర్నాడు క్రోధి నామ ఉగాది. ఆ రోజే రిజల్ట్ వచ్చుంటే కథ భలే ఉండేది గానీ రాలేదు, బుధవారం పొద్దున మీటింగులో ఉండగా వచ్చింది, పాస్డ్ అని ఒక్క మాట, మిగిలిన ఉగాది పచ్చడి ఇంకా ఫ్రిజ్‌లో ఉంది.

ఉద్యోగం ఏమైందని అడుగుతారు కాబట్టి చెప్తున్నా, వెంటనే ఏం కాలేదు. మా కంపెనీలో ఆ పొజిషన్ ఎప్పుడో నిండిపోయింది. బయట అప్లై చేశా, 60కి పైనే, కానీ ఈసారి మర్నాడు పొద్దున్నే ఆటోమేటిక్ రిజెక్ట్‌లు కాకుండా మనుషులు ఫోన్ చేయడం మొదలైంది. ఆగస్టులో వేరే కంపెనీలో సిస్టమ్ అడ్మిన్‌గా చేరా. ఇంటర్వ్యూలో డిగ్రీ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. డీఎన్ఎస్ గురించి అడిగారు, ఒక రాత్రి సర్వర్ పడిపోతే ఏం చేస్తావ్ అని అడిగారు.

కానీ ఆ ఏప్రిల్ బుధవారం నేను చేసిన మొదటి పని ఉద్యోగం వెతకడం కాదు. లంచ్‌లో హెచ్ఆర్ పోర్టల్ తెరిచి ఆ డ్రాప్‌డౌన్ దగ్గరకెళ్లా. సమ్ కాలేజ్ తీసేసి బ్యాచిలర్స్ డిగ్రీ ఎంచుకుని, ఒకసారి బాగా చూసుకుని, సేవ్ కొట్టా. పేజీ అలా తిరిగి తిరిగి ఎర్రర్ అంది. మళ్లీ కొట్టా, మళ్లీ ఎర్రర్. బ్రౌజర్ మార్చా, క్యాష్ క్లియర్ చేశా, రీస్టార్ట్ కూడా చేశా. అవ్వలా. ఇంక చేసేదేముంది, హెల్ప్‌డెస్క్‌కి టికెట్ వేశా. రెండు నిమిషాల తర్వాత నా స్క్రీన్ మీదే టింగుమంది, ఆ టికెట్ తిరిగి నా క్యూలోకే వచ్చింది.